అల్లుళ్ల పేర్ల వెనక కూతుళ్లు

ఏం పని అది

విజయవాడ వన్ టౌన్‌లో ఒక కాగితాల గోడౌను మీద, పద్దెనిమిది మెట్లు ఎక్కితే వచ్చే గదిలో నేను నలభై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. ఇరవై నాలుగో ఏట చేరాను, అరవై ఐదో ఏట తాళం వేశాను. తాళం వేసి మూడేళ్లయింది. ఏం ఉద్యోగం చేశారని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేను.

కుటుంబాల వెనక తరాలు వెతికి రాసేవాళ్లం. కోర్టులో వారసులెవరో తేలాల్సినప్పుడు ప్లీడర్లు వంశవృక్షం అడిగేవారు. ఇంటి పెద్ద పోతే, పెద్దకర్మ నాడు భోజనాలకి వచ్చినవాళ్లకి పంచడానికి ఆయన జీవితాన్ని పదహారు పేజీల పుస్తకంగా వేయించుకునేవాళ్లు వచ్చేవారు. మా క్రైస్తవ కుటుంబాల్లో అయితే సమాధి కార్యక్రమంలో చదవడానికి రెండు పేజీల జీవిత చరిత్ర రాయించుకునేవారు. ఇంకా కొద్దిమంది ఏ అవసరమూ లేకుండా వచ్చేవారు. మా ముత్తాత ఎక్కణ్ణించి వచ్చాడో తెలుసుకోవాలండీ అనేవారు. ఎందుకంటే చెప్పలేకపోయేవారు. ఆ కొద్దిమంది కోసమే అన్నేళ్లు ఆ మెట్లు ఎక్కానని ఇప్పుడు అనిపిస్తుంది. వాళ్లు గుర్తొచ్చినప్పుడే ఆ గది మీద బెంగ కలుగుతుంది.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు చదువుకున్న పిల్లలు ఇదే పని కంప్యూటర్ల మీద మొదలుపెట్టామని, మెళకువలు చెప్పమని అడిగారు. నా దగ్గర మెళకువలు కొన్నే ఉన్నాయి, తప్పులు ఎక్కువ ఉన్నాయి. తప్పులే రాస్తాను. మెళకువలు వాటిలోంచి మీరే తీసుకోండి.

కాగితాలు చెప్పేవి, చెప్పనివి

వచ్చిన ప్రతివాళ్లూ ముందు జనాభా లెక్కలు అడుగుతారు. "గవర్నమెంటువాళ్లు ఇంటింటికీ తిరిగి రాసుకున్నారుగా, అందులో మా తాత ఉంటాడుగా" అంటారు. ఉంటాడు. కానీ మనిషి మనిషికీ రాసిన ఆ కాగితాలు ఎవరికీ చూపించరు. అచ్చయి బయటికొచ్చేది ఊరి మొత్తాలు మాత్రమే. ఎన్ని ఇళ్లు, ఎందరు మగవాళ్లు, ఎందరు ఆడవాళ్లు, ఎందరికి చదువొచ్చు అన్నది ఉంటుంది. అయినా ఆ పుస్తకం పనికిమాలినది కాదు. చిన్న ఊరని తెలిస్తే ఇంటింటికీ వెళ్లి అడగొచ్చు. పెద్ద ఊరైతే వీధి పేరు తెలిసేదాకా బస్సెక్కకూడదు. మనిషిని చూపించదు గానీ ఎంత వెతకాలో చెబుతుంది.

బడి రిజిస్టరులో పుట్టినరోజు నమ్మకండి. ఆ రిజిస్టర్ల ప్రకారం మా డెల్టాలో సగంమంది జులై ఒకటిన పుట్టారు. పేపర్లో వేసే శ్రద్ధాంజలి ప్రకటనలో చనిపోయిన తేదీ నమ్మొచ్చు, ఎందుకంటే తద్దినం దాన్నిబట్టే పెట్టాలి. అందులో రాసిన వయసు నమ్మకూడదు. డెబ్బై ఎనిమిదిని ఎనభై అనే రాయిస్తారు.

ఇంటి పెద్దబిడ్డ ఎక్కడ పుట్టిందో వెతకాలంటే తండ్రి ఊరికి వెళ్లకండి. మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి తల్లి ఊరికి వెళ్లండి. తల్లి ఊరు తెలియకపోతే పెద్దబిడ్డ పుట్టిన ఊరు పట్టుకోండి. ఇది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

కొన్ని కాగితాల్లో గడి ఉంటుంది గానీ అందులో ఏమీ ఉండదు. మా తాత బాప్తిస్మం తీసుకున్న రిజిస్టరు నేను చూశాను. కొత్త పేరు ఉంది, తేదీ ఉంది, పాదిరి గారి సంతకం ఉంది. పాత పేరు రాయాల్సిన గడి ఖాళీ. ఇరవై రెండేళ్లు ఆయన్ని ఏ పేరుతో పిలిచారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఖాళీ గడిని మీకు తోచినదానితో నింపకండి. ఖాళీ అని రాయండి.

శేషయ్య గారు

ఆ గది శేషయ్య గారిది. ఒక పెద్ద ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేసి, ఆయన పోయాక సొంతంగా ఈ పని పెట్టుకున్నారు. పదిహేడేళ్లు ఆయన కింద పనిచేశాను. నేర్పాల్సిందంతా నేర్పారు. ఆయన నేర్పినదాంట్లో నేర్చుకోకూడనిది కూడా ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన మొదటి సూత్రం ఇద్దరు సాక్షులు. ఒక మనిషి చెప్పింది, ఒక కాగితం చెప్పింది కలిస్తేనే రాయాలి. ఒక్కరే చెబితే పెన్సిలుతో రాసి పక్కన పెట్టాలి. ఈ సూత్రం బంగారం. ఈనాటికీ దీన్ని మించింది నాకు తెలియదు.

రెండో సూత్రం కూతుళ్ల గురించి. చేరిన మొదటి నెలలో ఒక పుస్తకంలో ముగ్గురు కూతుళ్ల పేర్లు రాసి, ఎదురుగా అల్లుళ్ల పేర్లు రాశాను. ఆయన ఎర్ర పెన్సిలుతో కూతుళ్లని కొట్టేసి, 'ప్రథమ జామాత, ద్వితీయ జామాత' అని అల్లుళ్లని మాత్రం ఉంచారు.

"అదేంటండీ, పుట్టింది వీళ్లు కదా" అన్నాను.

"ఎస్తేరమ్మా, పెద్దకర్మ నాడు పుస్తకం చేతికివ్వగానే అల్లుడు ముందేం వెతుకుతాడు? తన పేరు. కనబడలేదనుకో, విస్తరి ముందు నించి లేచిపోతాడు. కూతురు మహా అయితే ఏడుస్తుంది. ఎటూ ఏడుస్తూనే ఉంటుందిగా ఆ రోజు."

నవ్వాను. ఇరవై నాలుగేళ్ల పిల్లని, పైగా ఆయన చెప్పే తీరు అలా ఉండేది. నవ్వి, అలాగే రాశాను.

మూడో సూత్రం ఇంటాయన మొదటి భార్యల గురించి. మొదటి భార్య పోయి రెండో భార్య ఉన్న ఇళ్లు ఆ తరంలో చాలా ఉండేవి. పోయినావిడకి మగపిల్లలుంటే ఒక వాక్యం, లేకపోతే ఏమీ లేదు. "ఉన్నావిడ చదువుకుంటుంది, పోయినావిడ చదవదు" అనేవారు. ఆయన పోయాక కూడా, ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించకపోయినా, పంతొమ్మిదేళ్లు అదే పద్ధతిలో రాశాను. ఆ పంతొమ్మిదేళ్ల తప్పు ఆయనది కాదు, నాది.

రత్నమాణిక్యం గారు

పనిలో నా ముప్పై ఆరో ఏట, ఎండలు ముదిరాక, కంకిపాడు పక్క పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. పద్దెనిమిది మెట్లకి మూడుసార్లు ఆగారు. కూర్చుని మంచినీళ్లు తాగి, చేతిసంచిలోంచి అంచులు పసుపెక్కిన పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది మీ దగ్గరే రాయించారంటగా?"

వెనక పేజీ చూశాను. మా ఆఫీసు పేరు ఉంది. ముప్పై ఏళ్ల కిందటి పుస్తకం. వెంకటరామయ్య గారనే రైతు అరవై ఆరో ఏట పోతే ఆయన పెద్దకొడుకు వచ్చి రాయించుకున్నాడు.

"అవునండీ. నేనే రాశాను."

"ఆయన మా నాన్న. నేను పెద్దకూతుర్ని. ఇందులో మా అమ్మ లేదండీ."

రెండో పేజీ తీశాను. "ఇదిగోండి, ధర్మపత్ని సీతారావమ్మ గారు..."

"ఆవిడ మా నాన్న రెండో భార్య. నన్ను పెంచింది. బానే పెంచింది, అబద్ధం చెప్పకూడదు. అమ్మా అనే పిలిచా. నన్ను కన్నావిడ వేరు. నాకు పన్నెండేళ్లప్పుడు పక్కింటావిడ నోరుజారితే తెలిసింది."

"ఆవిడ పేరు?"

"అది తెలిస్తే ఈ మోకాళ్లతో ఇన్ని మెట్లెందుకు ఎక్కుతానండీ?"

పుస్తకం మళ్లీ చదివాను. రెండో పేజీలో, సీతారావమ్మ గారితో ముప్పై తొమ్మిదేళ్ల దాంపత్యం అని ఉంది. నాలుగో పేజీలో సంతానం వయసులు ఉన్నాయి, కూతుళ్లవి పేర్లు లేకుండా. పెద్దకూతురు నలభై ఒకటి. ముప్పై తొమ్మిదేళ్ల కాపురానికి నలభై ఒక్కేళ్ల బిడ్డ. ఆ ప్రూఫు నేను మూడుసార్లు దిద్దాను. అక్షరాలు దిద్దాను, తీసివేత చెయ్యలేదు. లెక్కలో ఎవరి తప్పునీ వదలనని పేరున్నదాన్ని, ఆ రెండేళ్లని చూడలేదు. ఆ రెండేళ్లలో ఒక మనిషి ఉంది.

ఇంట్లో ఎవరినైనా అడిగారా అన్నాను.

"మా పెద్దతమ్ముడు పోయాడు. చిన్నాడికి తెలీదు. తెలిసిన ముసలాళ్లంతా ఎప్పుడో ఎల్లిపోయారు."

"ఇక్కడ ద్వితీయ జామాత అని ఉంది. అంటే చెల్లెలు గారు..."

"దాన్నడగను." ఆ మాట తలుపు వేసినట్టు వచ్చింది. కారణం కూడా ఆవిడే చెప్పారు. చెల్లెలు ఐదేళ్లు చిన్నది, హనుమాన్ జంక్షన్‌లో ఉంటుంది. పంతొమ్మిదేళ్ల కిందట సీతారావమ్మ గారు పోయినప్పుడు, శవం దగ్గర రత్నమాణిక్యం గారు ఏడుస్తుంటే ఆ చెల్లెలు అందరి ముందూ అందట: "నువ్వెందుకంత ఏడుస్తావు, పోయింది మా అమ్మ కదా" అని. ఆ రోజు నుంచి మాటల్లేవు.

నేను వచ్చినవాళ్లందరినీ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. తెలిస్తే ఏం చేస్తారు అని. కోర్టుకైతే ఒక విధంగా వెతకాలి, పెళ్లి సంబంధానికైతే ఇంకో విధంగా వెతకాలి. ఆవిడనీ అడిగాను.

"ఏం చేస్తానండీ, ఒకసారి పిలుచుకుంటా. అమ్మా అందామంటే ఆ పిలుపు పెంచినావిడకి ఇచ్చేశా. కన్నావిణ్ణి తలుచుకోవాలంటే ఒక పేరు ఉండాలిగా. మొహం తెలీదు, ఊరు తెలీదు, పేరైనా లేకపోతే ఎవర్ననుకుని తలుచుకోను?"

ఆవిడకి గుర్తున్నది ఒక్కటే. చిన్నప్పుడు ఏడాదికి రెండు మూడుసార్లు బందరు కాలవలో పడవ మీద ఒక ముసలాయన వచ్చేవాడు. తాటి ముంజలో సీతాఫలాలో తెచ్చి అరుగు మీద పెట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా, ఈవిడ తల నిమిరి మళ్లీ పడవెక్కేవాడు. ఏడో ఏడు వచ్చాక ఇక రాలేదు.

"తప్పు నాదండీ. వెతుకుతాను" అన్నాను.

"తప్పులు లెక్కెయ్యడానికి రాలేదండీ. నాకు డెబ్బై ఒకటి. కొంచెం తొందరగా చూడండి."

ఏడు నెలలు

వెంకటరామయ్య గారి తరంలో ఆ కుటుంబాల్లో మేనరికాలు ఎక్కువ. మొదటి పెళ్లి మేనమామ కూతురితోనే అయి ఉంటుందని అనుకున్నాను. పెన్సిలుతో రాసి పక్కన పెట్టాల్సిన మాటని మనసులో సిరాతో రాసేసుకున్నాను. ఆయన మేనమామ ఊరికి తొమ్మిదిసార్లు వెళ్లాను. పాత చావు పుట్టుకల రిజిస్టర్లు, శిస్తు కాగితాలు, ఆ ఇంటిపేరు వాళ్లు వేయించుకున్న నాలుగు పెద్దకర్మ పుస్తకాలు అన్నీ చదివాను. ఆ పుస్తకాల్లోనూ కూతుళ్లు లేరు. రెండు మేమే వేసినవి.

ప్రతి నెలా ఒకటో తారీఖున రత్నమాణిక్యం గారు ఫోను చేసేవారు.

"ఏవన్నా తెలిసిందాండీ?"

"ఇంకా లేదండీ."

"సరేలెండి. ఉంటా."

ఎప్పుడూ ఇంతే. ఐదో నెలలో ఫోను రాలేదు. ఐదో తారీఖున వాళ్లబ్బాయి చేశాడు. గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నారని చెప్పి, "మీరేమీ అనుకోకండి మేడం, ఆవిడకి ఈ ఆశ ఎందుకు పెట్టారు? ఇంజెక్షన్ చేస్తుంటే కూడా ఎస్తేరమ్మ గారు ఫోను చేశారా అని అడుగుతోంది" అన్నాడు. నేను పెట్టిన ఆశ కాదు. కానీ ముప్పై ఏళ్ల కిందట నేను తీసివేత చేసి, మీ నాన్నగారికి ముందు ఇంకో పెళ్లి అయిందా అని ఆ పెద్దకొడుకుని అడిగి ఉంటే, తెలిసిన ముసలాళ్లు అప్పటికి చాలామంది బతికే ఉన్నారు. అంత తేలికైన ప్రశ్న.

ఏడు నెలలు పూర్తయ్యాక మేనమామ ఊరు తప్పని తేలిపోయింది. ఆయనకి కూతుళ్లే లేరు. ఆ మాట ఫోనులో చెప్పలేక బస్సెక్కాను.

రత్నమాణిక్యం గారు వరండాలో కూర్చుని మినుములు చెరుగుతున్నారు. చిక్కిపోయారు. విషయం చెబితే చేట ఆపలేదు.

"పోన్లెండి. మీరు మాత్రం ఏం చేస్తారు. మా నాన్న ఒక్క ముక్క చెప్పుంటే ఈ తిప్పలుండేవి కావు. మంచోడేనండీ. నన్నైతే రత్నం, రత్నం అని రోజుకి వందసార్లు పిలిచేవాడు. తమ్ముళ్లనీ పేర్లు పెట్టే పిలిచేవాడు. దాన్నొక్కదాన్నే ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. పిల్లా అనేవాడు, అంతే. దాని పెళ్లిలో పంతులుగారు పీటల మీద అమ్మాయి పేరు చెప్పమంటే నోరు మెదపలేదు, మా బాబాయి అందుకున్నాడు. అందరూ నవ్వారు, సొంత కూతురి పేరు మర్చిపోయాడని."

ఆయన మర్చిపోలేదని, ఆ పేరు పలకలేకపోయాడని నాకప్పుడు అర్థమైంది.

మొదటి భార్య పోయిన ఇంట్లో, రెండో భార్యకి పుట్టే తొలి ఆడపిల్లకి ఆ పోయినావిడ పేరు పెట్టడం మా వైపు చాలా కుటుంబాల్లో ఉంది. పోయినావిడ మనసు కష్టపెట్టుకోకూడదని కొందరంటారు, ఆవిడే మళ్లీ పుట్టిందని కొందరంటారు. ఇది నాకు కొత్త సంగతి కాదు. అంతకుముందు రెండు కేసుల్లో పేరు ఇలాగే పట్టుకున్నాను. ఈసారి ఎందుకు తట్టలేదంటే, ఆ చెల్లెలి పేరు నా కళ్ల ముందు ఎక్కడా లేదు. పుస్తకంలో ద్వితీయ జామాత ఉన్నాడు, ఆయన ఊరు ఉంది, ఆయన ఉద్యోగం ఉంది. భార్య పేరు లేదు. రత్నమాణిక్యం గారు కోపంతో 'అది' అనేవారు తప్ప పేరెత్తేవారు కారు. నేను కొట్టేసిన పేరే నాకు అడ్డం వచ్చింది.

"మీ చెల్లెలి పేరేంటండీ?"

"ఎందుకండీ దాని పేరు?"

"పుస్తకంలో రాయలేదు. చెప్పండి."

చేట ఆగింది. "నాంచారమ్మ."

"ఎవరి పేరు పెట్టారో తెలుసా?"

"అమ్మవారి పేరనేవారు. ఏం?"

"ఏమీ లేదండీ" అన్నాను. నా పనిలో ఇంత కష్టపడి మింగిన మాట ఇంకోటి లేదు. ఆచారం ఒక సాక్షి మాత్రమే. కాగితం దొరకకుండా చెప్పి, అది తప్పని తేలితే, ఆ తల్లిని రెండోసారి తీసేసినదాన్ని అవుతాను.

ఐదు వారాలు

మొదటి కాన్పు కాబట్టి రత్నమాణిక్యం గారు తల్లి ఊళ్లోనే పుట్టి ఉండాలి. ముసలాయన పడవ మీద వచ్చేవాడు కాబట్టి ఆ ఊరు కాలవ గట్టునే ఉండాలి. పొద్దున వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లేవాడంటే మరీ దూరం కాదు. ఒకప్పుడు పడవలాగే రేవులున్న ఊళ్లు పదకొండు తేలాయి. రత్నమాణిక్యం గారు వినాయక చవితి వెళ్లిన మూడో నాడు పుట్టారని పెంచినావిడ చెబుతుండేదట. సంవత్సరం వయసుని బట్టి వచ్చింది. బడి రిజిస్టరు జులై ఒకటి అంటోంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

రికార్డు గదిలో రిజిస్టర్లు దించి ఇచ్చే అటెండరు నన్ను ఇరవై ఏళ్లుగా ఎరుగును.

"ఈసారి ఎవరి తాతండీ అమ్మగారూ?"

"తాత కాదయ్యా. అమ్మ."

"అయితే కష్టమే. అమ్మల్ని ఎవరు రాశారు" అని నిచ్చెన ఎక్కాడు.

నాలుగో ఊరి రిజిస్టరులో, ఐదో వారం శుక్రవారం, ఉంది. ఆడ శిశువు. తండ్రి వెంకటరామయ్య, ఊరు కంకిపాడు దగ్గరిది. తల్లి నాంచారమ్మ. చెప్పినవారు శిశువు మాతామహుడు కోటయ్య, వేలిముద్ర.

చనిపోయినవాళ్ల రిజిస్టరు కూడా అడిగి తీయించాను. పదకొండు రోజుల తర్వాత అదే కరణం దస్తూరీలో ఇంకో వరస ఉంది. నాంచారమ్మ, వెంకటరామయ్య భార్య, వయసు పదిహేడు, ప్రసవానంతర జ్వరం. చెప్పినవారు తండ్రి కోటయ్య, వేలిముద్ర. మొదటి వేలిముద్ర గుండ్రంగా, స్పష్టంగా ఉంది. రెండోది జరిగి మసకబారింది.

అటెండరు నిచ్చెన మడిచి, "దొరికారాండీ?" అన్నాడు. తలూపాను.

ఆ రోజు నుంచి రాసిన ప్రతి పుస్తకంలో కూతుళ్ల పేర్లు రాశాను, మొదటి భార్యల పేర్లు అడిగి మరీ రాశాను. ఇంకా ఐదేళ్ల పని మిగిలి ఉంది అప్పటికి. శేషయ్య గారు భయపడ్డంత జరగలేదు. ఆ ఐదేళ్లలో ఒక్క అల్లుడే గొడవ చేశాడు, అదీ ఉద్యోగం హోదా తప్పు పడిందని.

హనుమాన్ జంక్షన్

కంకిపాడు వెళ్లి రెండు వరసలూ చదివి వినిపించాను. రత్నమాణిక్యం గారు మళ్లీ చదవమన్నారు. మూడోసారి కూడా చదివాను.

"పదిహేడా?"

"పదిహేడండీ."

"మా మనవరాలికి ఇరవై రెండు." చేతులు చూసుకున్నారు. "ఆ ముసలాయన మా తాతన్నమాట. కోటయ్య." ఆ వెంటనే, "దాన్ని చిన్నప్పుడు ఆ పేరు పెట్టే తిట్టానండీ. జడ పట్టుకు లాగి మరీ తిట్టా" అన్నారు. తర్వాత లేచి నిలబడ్డారు. "రేపు జంక్షన్ ఎల్లాలి. మీరూ రావాలి. ఒక్కదాన్నీ ఆ గుమ్మం ఎక్కలేను."

చెల్లెలి ఇల్లు హైవే మీద టైర్ల షాపుల వెనక సందులో ఉంది. లారీల హారన్లు ఇంట్లోకి వినబడుతున్నాయి. అరవై ఆరేళ్ల మనిషి, అక్క కంటే పొడుగు, తలుపు తీసి అలాగే నిలబడిపోయింది.

"అక్కా."

రత్నమాణిక్యం గారు లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కాగితం నా చేతికిచ్చి చదవమన్నట్టు చూశారు. చదివాను. చెల్లెలు గడపకి ఆనుకుని విన్నది.

"ఇది చెప్పడానికా వచ్చావు?" అంది.

"నీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటక్కా? అమ్మ చెప్పింది, నాకు పెళ్లి కుదిరినప్పుడు. నీకు మీ అక్క వాళ్లమ్మ పేరు పెట్టుకున్నామే, ఆ పేరు నిలబెట్టు అంది. అక్క ముందు మాత్రం ఎత్తకు, బాధపడుద్ది అంది." అక్క వైపు ఒక అడుగు వేసింది. "నీకూ తెలుసనే అనుకున్నా ఇన్నాళ్లూ. ఆ రోజు నేను మా అమ్మ అని నోరుజారాక, నన్ను పేరు పెట్టి పిలవడం మానేశావుగా. చుట్టాల దగ్గర కూడా 'అది' అంటున్నావని తెలిసింది. మీ అమ్మ పేరు నాకుండటం నీకిష్టం లేక మానేశావనుకున్నా. అందుకే నేనూ రాలేదు. ఏ మొహం పెట్టుకు రాను?"

టైర్ల షాపులో ఎవరో ఇనుము మీద కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది.

"ఏదీ, ఒకసారి పిలువు" అంది చెల్లెలు.

రత్నమాణిక్యం గారి పెదవులు కదిలాయి. మాట రాలేదు. నలభై ఏడేళ్లు పిలిచి, పంతొమ్మిదేళ్లు మానేసిన పేరు. ఆవిడ నావైపు చూశారు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ సాయం నేను చెయ్యగలిగింది కాదు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, కుర్చీలో సర్దుకుని, గట్టిగా, కసురుకున్నట్టుగా అన్నారు:

"ఒసే నాంచారీ, అలా గుడ్లప్పగించి చూస్తావేంటే? దాహమేస్తోంది, కాసిని మంచినీళ్లు తే."

చెల్లెలు చప్పున లోపలికి వెళ్లింది. బిందె మీద మూత తీసిన చప్పుడైంది.

"ఆఁ, తెస్తున్నా" అని లోపలి నుంచి పలికింది.